సమష్టి స్మృతి, నగరాభివృద్ధి – మూసీ ఒడ్డున కొన్ని ఆలోచనలు

కొంతకాలం క్రితం ఒక కవితాగోష్ఠిలో ఒక యువకవి, కూలిపోతున్న పాత దేవిడీ మీద రాసిన కవిత చదివాడు. కవిత బాగానే వుంది. రాలుతున్న గచ్చు, విరిగిన కమాను, పావురాల గుంపు – అన్నీ వున్నాయి. చదవడం అయిపోయాక వెనక వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన లేచి, "బిడ్డా, ఆ దేవిడీల మీ తాతలుండేటోళ్ళా?" అని అడిగాడు. సభ నవ్వింది. కవి చిన్నబుచ్చుకున్నాడు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. "మా నాయిన ఆ దేవిడీ గుర్రాల కొట్టంల పనిచేసిండు. అది కూలితే నాకైతే ఏడుపు రాదు. దాని పక్క గల్లీల మా గుడిసెలు పీకేసిన్రు. దాని మీద ఎవ్వలూ పద్యం రాయలే" అన్నాడు.

ఆ మాటకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడైనా పూర్తి జవాబు వుందని చెప్పను. కాని ఆ ప్రశ్నను దాటవేసి నగరం గురించి రాయడం రచయితలకు ఇక సాధ్యం కాదని నా అభిప్రాయం. పాత కట్టడాన్ని కూల్చబోయినప్పుడల్లా రెండు వాదాలు వినబడతాయి. చరిత్ర పోతున్నదని ఒకరంటారు. చరిత్ర కూడు పెడుతుందా, రోడ్లు కావాలి, ఆసుపత్రులు కావాలి అని మరొకరంటారు. మొదటి వాదం రచయితలకు సహజంగానే రుచిస్తుంది. గతం మనకు ముడిసరుకు కదా! రెండోది ప్రజల అవసరాల పేరు చెబుతుంది కనుక మన దృక్పథానికి దగ్గరగా కనిపిస్తుంది. తీరా చూస్తే రెండు వాదాలూ ఒకే మనిషిని అవతలకు నెట్టి తమలో తాము పోట్లాడుకుంటున్నాయి. ఆ మనిషి ఎవరో తెలుసుకోవడానికి హైదరాబాదులో మూసీ ఒడ్డుకంటే మంచి చోటు లేదు.

ముందుగా ఒక మాట తేల్చుకోవాలి. 'సమష్టి స్మృతి' అనే పదం మన విమర్శలో ఈమధ్య తరచుగా వాడుతున్నాం, చాలాసార్లు 'సంప్రదాయం' అన్నదానికి కొత్త పేరుగా వాడుతున్నాం. అది సరికాదు. ఈ భావనను శాస్త్రీయంగా చర్చించినవాడు ఫ్రెంచి సామాజికవేత్త మోరిస్ హాల్బ్‌వాక్స్. ఆయన బెర్గ్‌సన్ దగ్గర చదువుకొని, తర్వాత దుర్ఖైమ్ మార్గంలోకి వచ్చాడు. స్మృతికి వుండే సామాజిక చట్రాలను గురించి 1925లో ఒక గ్రంథం ప్రకటించాడు. నాజీల నిర్బంధ శిబిరం బుఖెన్‌వాల్డ్‌లో 1945లో మరణించాడు. సమష్టి స్మృతి మీద ఆయన రాసి పెట్టుకున్నది 1950లో, ఆయన పోయాక, పుస్తకంగా వచ్చింది.

ఆయన చెప్పినదాని సారాంశం ఇది: జ్ఞాపకమనేది ఒంటరి మనిషి గుండెలో దాచుకున్న మూట కాదు. మనం ఏ గుంపులో బతుకుతున్నామో – కుటుంబం, వాడ, వృత్తి, మతం – ఆ గుంపు ఇచ్చిన చట్రంలోనే గుర్తుపెట్టుకుంటాం. గుంపు చెదిరితే జ్ఞాపకం చెదురుతుంది. ఆ గుంపు తన జ్ఞాపకాన్ని ఒక స్థలానికి కట్టి వుంచుతుంది. మనకిది కొత్త సంగతేమీ కాదు. పల్లెలో ముసలమ్మను "నీ వయసెంత?" అంటే అంకె చెప్పదు. "పోలీసు యాక్షనప్పుడు నేను పాలుతాగే పిల్లను" అంటుంది. ఆ పిల్ల ఏ చెట్టుకింద ఉయ్యాలలో వున్నదో కూడా చెబుతుంది. కాలాన్ని గుంపుతోనూ స్థలంతోనూ కొలవడమంటే అదే.

అయితే హాల్బ్‌వాక్స్‌తో నాకొక పేచీ వుంది. ఒక గుంపు, దాని స్థలం, దాని జ్ఞాపకం అని ఆయన మాట్లాడినప్పుడు అంతా పొందికగా కనిపిస్తుంది. నగరంలో గుంపులు అనేకం. అన్నీ సమానమైనవి కావు. ఒక గుంపు జ్ఞాపకం రాయిలోకి ఎక్కుతుంది, శిలాఫలకం మీదికి ఎక్కుతుంది. మరొక గుంపు జ్ఞాపకం నోటిలోనే వుండి, ఆ నోళ్ళతోనే పోతుంది. వారసత్వ కట్టడాల జాబితా ఏదైనా తీసి చూడండి. కట్టించినవాడి పేరు, కట్టిన సంవత్సరం, వాస్తు శైలి వుంటాయి. వాడుకున్నవాళ్ళ పేరు వుండదు. దాన్ని పెట్టడానికి అందులో గడి లేదు.

నోటికున్న బలం కూడా తక్కువదేమీ కాదు. హైదరాబాదు పేటల పేర్లు వినండి. కిర్క్‌పాట్రిక్ 19వ శతాబ్దపు తొలి యేళ్ళలో కట్టించిన బ్రిటిష్ రెసిడెన్సీని జనం 'కోఠి' అన్నారు. ఇవాళ ఆ వలస ప్రతినిధి పేరు తెలియని కూలి కూడా కోఠి బస్సెక్కుతాడు. ఆల్బర్ట్ ఆబిద్ దుకాణం పోయి ఎన్నో యేళ్ళయింది, ఆబిడ్స్ మిగిలింది. 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని రేమాన్‌ను జనం 'మూసారాం' చేసుకున్నారు, ఆయన పేరిట మూసారాంబాగ్ వెలసింది. ఎర్రమంజిల్ కథ అన్నిటికంటే చక్కనిది. 'ఇరం' అంటే పారసీకంలో స్వర్గం. ఆ గుట్ట ఎర్రగా వుండేదని తెలుగువాళ్ళ 'ఎర్ర'. రెండు భాషలవాళ్ళకూ నోరు తిరిగేటట్టు ఆ పేరు పెట్టారని అంటారు. నిజమో కాదో ఏమోగాని, ఆ కథను తరతరాలుగా చెప్పుకోవడమే ఆ నగరం తన గురించి తాను ఏమనుకుంటున్నదో చెబుతుంది.

ఇక మూసీ దగ్గరికి వద్దాం.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. 1578 నాటి పురానాపూల్ నిలిచింది. ఉర్దూ మాట్లాడే హైదరాబాదీలు ఆ ప్రళయాన్ని 'తుగ్యానీ' అన్నారు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభై మందికి పైగా బతికారని చెబుతారు. ఆ చెట్టు ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో వుంది. నగరం మీద ప్రేమ వున్నవాళ్ళు కొందరు సెప్టెంబరు 28న దాని కింద చేరి, పోయినవారిని తలుచుకుంటూ వచ్చారు. అమ్జద్ హైదరాబాదీ అనే ఉర్దూ కవి ఆ వరదలో తల్లినీ, భార్యనూ, కూతురినీ పోగొట్టుకున్నాడు. తాను బతికి, ఆ దుఃఖాన్ని కవితగా రాశాడు. రుబాయీలకు ఆయన పేరెన్నికగన్నవాడు. కాని హైదరాబాదు ఆయన్ను గుర్తుపెట్టుకున్నది ముందుగా ఆ కవిత వల్లనే అనిపిస్తుంది.

ఒక చెట్టు, ఒక కవిత. ఈ రెండిటికీ వాస్తుశైలి లేదు, కట్టించిన ప్రభువు లేడు. అయినా ఆ విషాదానికి మిగిలిన నిజమైన స్మారకాలు ఇవే.

వరద తర్వాత జరిగింది మన చర్చకు ముఖ్యం. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహా మీద నది పైభాగంలో రెండు జలాశయాలు వచ్చాయి – 1920 నాటికి ఉస్మాన్‌సాగర్, 1927 నాటికి హిమాయత్‌సాగర్. 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడింది. ఆ మండలి ఇరుకు బస్తీలను ఖాళీ చేయించింది, రోడ్లు వెడల్పు చేసింది, పత్తర్‌గట్టీ రాతి దుకాణాల వరుసను కట్టింది, ఖాళీ చేయించినవారిలో కొందరికి ఇళ్ళు కూడా ఇచ్చింది. నది ఒడ్డున హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి లేచాయి. వీటి రూపశిల్పి విన్సెంట్ ఎష్, అంతకుముందు కలకత్తా విక్టోరియా మెమోరియల్ నిర్మాణంలో పనిచేసినవాడు. ఇవాళ మనం "వారసత్వం" అని కళ్ళకద్దుకుంటున్న మూసీ ఒడ్డు అంతా నూరేళ్ళ కిందట "అభివృద్ధి"! ఆనాడు దానికోసం ఎవరి వాడలో తొలగాయి. ఆ వాడల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

ఎంగెల్స్ 1872లో ఇళ్ళ సమస్య మీద రాసిన వ్యాసాల్లో, పారిస్‌ను తిరగగట్టిన ఓస్మాన్ పద్ధతిని గురించి చెప్పాడు: మురికి సందులు ఒకచోట మాయమై, వెంటనే మరోచోట తేలతాయని. దీన్ని ఇక్కడ యథాతథంగా అంటగట్టడం నా ఉద్దేశం కాదు. వరదకు కొట్టుకుపోయిన నగరంలో మురుగుకాలువలూ, జలాశయాలూ, ఆసుపత్రీ వద్దనేవాడు మనిషి కాదు. అభివృద్ధికీ వారసత్వానికీ జన్మవైరం లేదని మాత్రమే అంటున్నాను. నిన్నటి మొదటిదే నేటి రెండోది.

ఈ వెలుగులో ఉస్మానియా ఆసుపత్రి వివాదాన్ని చూడాలి. 2015లో రాష్ట్ర ప్రభుత్వం ఆ పాత భవనాన్ని కూల్చి బహుళ అంతస్తుల భవనాలు కడతామన్నది. వారసత్వ పరిరక్షకులు వ్యతిరేకించారు. కట్టడం గట్టిగానే వుందనీ, మరమ్మతు చేయవచ్చనీ ఇన్‌టాక్ సంస్థ నివేదిక ఇచ్చింది. అది ప్రమాదకరమని ప్రభుత్వ పక్షం వాదించింది. విషయం కోర్టులకెక్కింది. 2020 జూలైలో వానకు వార్డుల్లోకి నీళ్ళు వచ్చాయి. రోగులు మంచాల మీద, చుట్టూ మురికినీరు – ఆ దృశ్యాలు దేశమంతా చూసింది. పాత భవనం ఖాళీ అయింది. చివరకు 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. పాతదాన్ని కూల్చకుండా వేరేచోట కట్టవచ్చునన్న ఆలోచన అమలుకు రావడానికి పదేళ్ళు పట్టిందన్నమాట. అప్పుడు గోషామహల్ వాసులు కొందరు తమ మైదానం పోతున్నదని అడ్డుపడ్డారు. వారిదీ ఒక జ్ఞాపకమే.

ఆ పదేళ్ళ వాదోపవాదాల్లో నన్ను బాధపెట్టినది వేరు. గుమ్మటాల అందం గురించి కొందరు, పడకల సంఖ్య గురించి కొందరు మాట్లాడారు. ఆ భవనం నాకు గుమ్మటమూ కాదు, అంకె కూడా కాదు. నా చిన్నతనంలో మా నల్లగొండ పల్లెల్లో జబ్బు ముదిరితే "ఇగ ఉస్మానియకు తోలుకపోవాలె" అనేవాళ్ళు. ఆ మాట భయంగానూ ధైర్యంగానూ వుండేది. మా నాయన అక్కడ నలభై రోజులుండి లేచి నడిచి ఇంటికొచ్చాడు. ఆ నలభై రోజులూ మా అమ్మ ఆవరణలో చెట్లకింద రాళ్ళపొయ్యి మీద వండుకుంది. పక్కపొయ్యి దగ్గర కొడంగల్ ఆమె, అవతల బీదర్ నుంచి వచ్చిన కన్నడపామె. ఆ స్నేహాలు మా ఇంట్లో ఇరవై యేళ్ళు చెప్పుకున్నారు. డబ్బులేనివాడు కూడా తలెత్తుకుని గేటు దాటగలిగిన భవనమది. ఆ ఆవరణలో వరదప్పుడు మనుషుల్ని మోసిన చెట్టు ఒకటుందని మా అమ్మకు తెలియదు. కాని ఆ చెట్టు చేసిన పనికీ, ఆ ఆసుపత్రి చేసిన పనికీ పోలిక నాకు కనబడుతుంది.

కనుక రాయిని కాపాడితే స్మృతిని కాపాడినట్టేనా? ఫలక్‌నుమా ప్యాలెస్‌ను చూడండి. చక్కగా బాగుచేసి 2010లో విలాసవంతమైన హోటలుగా తెరిచారు. కట్టడం నిక్షేపంగా వుంది. చుట్టుపక్కల బస్తీ మనిషి దాన్ని కిందనుంచి చూడాల్సిందే. వెనకటికి నవాబుల కాలంలోనూ అంతే కదా అని ఒక మిత్రుడు చమత్కరించాడు – ఆ లెక్కన అదొక్కటే పూర్తిగా యథాతథంగా పరిరక్షించబడిన వారసత్వం! రేపు ఉస్మానియా పాత భవనాన్ని మెరుగుపరిచి టిక్కెట్టు పెడితే గుమ్మటాలు మిగులుతాయి. పేదవాడు తలెత్తుకుని గేటు దాటిన జ్ఞాపకం మిగలదు. పరిరక్షణ అనేది కట్టడాన్నే కాదు, దాని వాడుకను కూడా లెక్కలోకి తీసుకోవాలని నేననేది ఇందుకే.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. పట్టణాభివృద్ధి సంస్థ 1981 నాటి జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన కింద హైదరాబాదులోని వారసత్వ కట్టడాలకు రక్షణ వుండేది. 2015 డిసెంబరులో దాన్ని తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. 2019లో ఎర్రమంజిల్ స్థానంలో కొత్త శాసనసభ కట్టాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని ఆ యేడు సెప్టెంబరు 16న హైకోర్టు కొట్టివేసింది. 1888 నాటి సైఫాబాద్ ప్యాలెస్ మాత్రం దక్కలేదు. 2020లో పాత సచివాలయంతో పాటు కూలింది. కోర్టు వల్ల ఒకటి నిలిచింది, ఒకటి పోయింది. రెండూ ప్రభువుల కట్టడాలే కనుక కనీసం కాగితాల మీద వాటికి వాదన వుంది. వాదనే లేనివి కొన్ని వున్నాయి.

గౌలిగూడ బస్టాండు అటువంటిది. 1932లో నిజాం రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించారు. ఆ తొలికాలపు ఇనుప కట్టడం, విమానాల షెడ్డులాగా అర్ధచంద్రాకారపు కప్పుతో వుండేది. 1994లో ఇమ్లీబన్ బస్టాండు వచ్చేదాకా జిల్లాల మనిషి హైదరాబాదులో కాలుపెట్టింది ఆ కప్పు కిందనే. నేను 1975లో చదువు కోసం రేకుపెట్టెతో అక్కడే దిగాను. ఎటుపోవాలో తెలియక గంటసేపు నిలబడ్డాను. డీజిలు కంపు, ఉర్దూ కేకలు, "ఎటు పోవాలె పటేలా?" అని భుజం తట్టిన రిక్షావాడు – నాకు నగరమంటే అదీ మొదటి పాఠం. అక్కడినుంచి నడిచివెళ్ళే దూరంలో సుల్తాన్‌బజారు, 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. నిజాం రాజ్యంలో తెలుగు చదవడానికి చోటు వెతుక్కున్నవాళ్ళు కట్టుకున్న గూడు అది. నాబోటివాళ్ళం ఆ షెడ్డులో దిగి ఆ గూటికి చేరాం. 2018 జూలై 5న ఆ ఇనుప కప్పు తనంతట తానే కుప్పకూలింది. ప్రాణనష్టం జరగలేదు. దానిమీద వచ్చిన కవిత నా కంటబడలేదు. నేనూ రాయలేదు, ఒప్పుకుంటున్నాను. అందులో కమాను లేదు, పావురం లేదు. అర్ధశతాబ్దం పాటు తెలంగాణ పల్లె నగరంలోకి నడిచివచ్చిన వాకిలి అది అన్న స్పృహ మనకు సాహిత్య వస్తువుగా తోచలేదు.

సరే, గతించినవాటి మాట వదిలేద్దాం. బతికున్నవాళ్ళ మాటేమిటి? 2024 సెప్టెంబరులో మూసీ ప్రక్షాళన, నదీతీరాభివృద్ధి పేరుతో చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ బస్తీల్లో ఇళ్ళ గోడల మీద ఎర్రరంగుతో 'ఆర్.బి.–ఎక్స్' అని గుర్తులు పెట్టారు. కొన్ని కుటుంబాలను మలక్‌పేట తదితర ప్రాంతాల్లోని డబుల్ బెడ్‌రూం ఇళ్ళకు తరలించారు. ఖాళీ అయిన ఇళ్ళను పడగొట్టారు. ఆందోళనలు జరిగాయి, కోర్టు కేసులు పడ్డాయి.

ఇక్కడ మనలాంటివాళ్ళకు తేలికైన దారి ఒకటుంది. పేదల పక్షమంటూ ఒక ఆవేశపు గేయం రాసి ఊరుకోవడం. కాని నది కూడా ఒక వాస్తవం. 2025 సెప్టెంబరు 26 రాత్రి జంట జలాశయాల గేట్లు ఎత్తిన నీళ్ళకు మూసీ మళ్ళీ పొంగింది. మూసానగర్ ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి, ఇమ్లీబన్ బస్టాండు మునిగింది, ప్రయాణికులను బయటికి తేవలసి వచ్చింది. ఇమ్లీబన్ అంటే చింతతోపు అని అర్థం. ఆ పేరులోనే నది తన చోటును రాసిపెట్టుకుంది. నది పాయల నడుమ సర్కారు బస్టాండు కట్టుకుంటే అది ఆక్రమణ అనిపించుకోలేదు. పేదవాడు రేకుల ఇల్లు వేసుకుంటే అనిపించుకుంది. ఈ తేడాను నిలదీయాలి. అదే సమయంలో, ఆ బస్తీని నది నోట్లోనే వుండనివ్వమనడం కూడా స్మృతిని గౌరవించడం కాదు. తుగ్యానీలో పోయిన వేలాదిమంది ఇలాంటి ఒడ్డువాళ్ళే అయివుంటారు. చింతచెట్టు చెప్పే జ్ఞాపకంలో హెచ్చరిక కూడా వుంది.

మరి న్యాయమేది? నాకు తోచినంతలో చెబుతాను. తరలించవలసివస్తే గుంపును గుంపుగా, వాళ్ళ పనులకు దగ్గరగా, వాళ్ళను అడిగి తరలించాలి. ఒక వాడను పది సముదాయాలకు లాటరీ మీద పంచిపెడితే ప్రతి కుటుంబానికీ గోడ దొరకవచ్చు, కాని వాడ చచ్చిపోతుంది. హాల్బ్‌వాక్స్ చెప్పిన చట్రం విరిగేది అక్కడే. అప్పు పుట్టే దుకాణం, పిల్లను చూసుకునే పక్కింటామె, పీర్ల పండుగకూ బోనాలకూ ఒకే సందులో తిరిగే ఊరేగింపు – ఇవి ఇంటి వైశాల్యం లెక్కల్లోకి రావు. రావు గనుకనే వాటిని రాయవలసినవాళ్ళు రచయితలు.

మన సాహిత్యంలో ఇందుకు దారి లేకపోలేదు. నెల్లూరి కేశవస్వామి 'చార్మినార్' కథలు మళ్ళీ చదవమని విద్యార్థులకు నా మనవి. పాతనగరంలో హిందూ ముస్లిం కుటుంబాలు కలిసి బతికిన బతుకు ఆ కథల్లో మనుషులుగా కనబడుతుంది, దృశ్యాలుగా కాదు. ఉర్దూలో జీలానీ బానో 'ఐవానె గజల్' నవలలో హవేలీ శిథిలమవుతుంటే మనం రాళ్ళకోసం ఏడవం, ఆ గోడల లోపల నలిగిన ఆడవాళ్ళను చూస్తాం. మఖ్దూం మొహియుద్దీన్‌ను తలుచుకోండి. తుగ్యానీ వచ్చిన 1908లోనే పుట్టినవాడు. మూసీ ఒడ్డున సిటీ కాలేజీలో పాఠాలు చెప్పాడు. ఆబిడ్స్‌లోని ఓరియంట్ హోటలులో కవులతో, కార్యకర్తలతో కూర్చునేవాడు. ఆ హోటలు ఇవాళ లేదు. సిటీ కాలేజీ వారసత్వ భవనంగా వుంది. దానిమీద వ్యాసాల్లో కమానులనూ మినార్లనూ వర్ణించినంతగా, ఆ తరగతిగదిలోనుంచి కార్మికోద్యమంలోకి నడిచిన ఆ అధ్యాపకుణ్ణి ఎందరు తలుస్తున్నారు? ఓరియంట్ గోడలు మిగలకపోయినా అక్కడి మాటలు మిగిలాయి, ఎందుకంటే అక్కడ కూర్చున్నవాళ్ళు రాసుకున్నారు. శంకర్‌నగర్‌వాళ్ళ దగ్గర కలం లేదు. తేడా అదే.

వ్యాసం ముగించే ముందు ఆ గోష్ఠిలోని పెద్దాయన సంగతి చెప్పాలి. తర్వాత వెతుక్కుంటూ వెళ్ళి కలిశాను. తమ గుడిసెలున్న చోటు చూపించమన్నాను. ఇప్పుడదొక ఫంక్షన్ హాలు వెనక బండ్లు నిలిపే జాగా. ఆయన ఒక మూల నిలబడి, చేత్తో చూపిస్తూ ఎడమనుంచి కుడికి లెక్కపెట్టుకుంటూ పోయాడు. ఇది బండి మేస్త్రీది, ఇది గాజులామెది, ఇది మాది, ఇది కోళ్ళ సాయిబుది. తొమ్మిదో గుడిసె దగ్గర ఆగిపోయాడు. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. జేబులోంచి ఫోన్ తీసి ఉప్పల్లో వున్న చెల్లెలికి చేశాడు. ఆమె వెంటనే చెప్పింది – అది గుడిసె కాదట, నల్లా వుండే జాగా అట. ఆయన ఒప్పుకోలేదు. నల్లా అవతలి చివర వుండేదన్నాడు. "నీకేం తెలుసన్నా, నీళ్ళు మోసింది నేను" అని ఆమె గట్టిగా అనడం నాకు కూడా వినబడింది. ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. నేను నోటుపుస్తకంలో నల్లాను రెండు చోట్లా గుర్తుపెట్టుకున్నాను.